ఆశ్రయం నిరాకరించిన తర్వాత: హనుమకొండలోని ఒక న్యాయ సేవా కార్యాలయం పనితీరుపై సమీక్ష

హనుమకొండ అదాలత్ సెంటర్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఇద్దరు న్యాయవాదులు కలిసి నడిపే చిన్న కార్యాలయం ఉంది. సొంత దేశంలో ప్రాణభయం ఉందని విదేశాలలో ఆశ్రయం కోరి తిరస్కరణకు గురైన మన ప్రాంతపు పిల్లల కోసం ఇక్కడి నుంచి జరగవలసిన పనులను వారు చేసిపెడతారు. రికార్డులు సేకరించడం, కోర్టు నుంచి ధ్రువీకృత నకళ్లు తీయించడం, తల్లిదండ్రుల అఫిడవిట్లు రాయించడం, తెలుగు కాగితాలను ఆంగ్లంలోకి అనువదింపజేయడం, అక్కడి న్యాయవాదితో మాట్లాడడం, చివరకు తిరిగి రావలసి వస్తే ఆ ఏర్పాట్లు చూడడం వారి పని. మా కుటుంబం ఈ సేవను మొదటి నుంచి చివరి వరకు వినియోగించుకున్నది. న్యాయవాదులు ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ప్రచారం చేసుకోరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం నిర్దేశిస్తున్నందున, తమ పేరు ఎక్కడా రాయవద్దని వారే కోరారు. అందువల్ల పేరు రాయడం లేదు. అయినా వారు చేసిన పని, చేయలేకపోయిన పని వివరంగా రాస్తే, ఇదే కష్టంలో ఉన్నవారు డబ్బు చెల్లించే ముందు ఎవరిని ఏమి అడగాలో తెలుసుకుంటారని నా నమ్మకం.

మా చెల్లెలి కుమారుడు ఎం.ఎస్సీ. చదవడానికి బ్రిటన్ వెళ్లి, అక్కడే చదువుతున్న మన ప్రాంతపు అమ్మాయిని వివాహం చేసుకున్నాడు. కులాలు వేరు. అమ్మాయి బంధువుల బెదిరింపులు ఫోన్లతో ఆగలేదు, మా బావగారి ఇంటి మీదికి మనుషులు వచ్చారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు ఆసుపత్రి బయట ఒక యువకుణ్ణి కులం కారణంగా హత్య చేయించిన సంగతి, ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించిన సంగతి తెలిసిన ఏ తల్లీ ఇటువంటి బెదిరింపును తేలికగా తీసుకోలేదు. చదువు తర్వాత ఇచ్చిన వీసా గడువు ముగిశాక మా మేనల్లుడు అక్కడ ఆశ్రయం కోరాడు, భార్య పేరును తన దరఖాస్తులోనే చేర్చాడు. బ్రిటన్‌లో వలస వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్ సుదీర్ఘమైన ఇంటర్వ్యూ తర్వాత ఆ దరఖాస్తును తిరస్కరించింది. వారి ఊరు, కులాలు, ఇప్పటి నివాసం ఇక్కడ రాయను. కారణం పాఠకులు అర్థం చేసుకోగలరు.

ఈ కార్యాలయంలో మొదట అడిగినది తిరస్కరణ లేఖ పూర్తి ప్రతి. వాట్సాప్‌లో వచ్చిన మొదటి పేజీ ఫొటో చూపినప్పుడు సీనియర్ న్యాయవాది, ఆమెను అక్కడ అందరూ మేడమ్ అంటారు, దానిని చదవకుండానే ఫోను తిరిగి ఇచ్చి, అన్ని పేజీలూ తెప్పించమన్నారు. అప్పీలు హక్కు ఉన్నదీ లేనిదీ, దానికి గడువు ఎంతన్నదీ చివరి పేజీలలో ఉంటుంది. బ్రిటన్‌లోనే ఉన్న వ్యక్తికి నిర్ణయం పంపిన తేదీ నుంచి 14 రోజులలోగా మొదటి అంచె ట్రిబ్యునల్‌లోని వలస, ఆశ్రయ విభాగానికి అప్పీలు చేరాలి. లేఖను ఎప్పుడు తెరిచి చదివారు, ఇంట్లో ఎప్పుడు చెప్పారు అన్నవి ఆ గడువును మార్చవు. మా వాడు భయపడి రెండు మూడు రోజులు ఇంట్లో చెప్పకుండా దాచాడు. చాలామంది పిల్లలు ఇలాగే చేస్తారని, కొందరి విషయంలో గడువు దాటిన తర్వాతే తల్లిదండ్రులకు తెలుస్తుందని ఆమె అన్నారు. గడువు దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి అనుమతి కోరవచ్చు గాని, అది దొరుకుతుందన్న భరోసా లేదు.

ఆ తర్వాత ఆమె లేఖలో వెతికినది మరొక ముఖ్యమైన విషయం. బ్రిటన్ 2002 జాతీయత, వలస, ఆశ్రయ చట్టంలోని 94వ సెక్షన్ కింద, దరఖాస్తుకు ఏ ఆధారమూ లేదని హోం ఆఫీస్ ధ్రువీకరించగలదు. ఆ సెక్షన్‌లో కొన్ని దేశాల జాబితా ఉన్నది, భారతదేశం అందులో ఉన్నది. జాబితాలోని దేశం నుంచి వచ్చినవారి దరఖాస్తు పూర్తిగా నిరాధారం కాదని అధికారికి అనిపిస్తే తప్ప ఆ ధ్రువీకరణ తప్పదు. 2022 జూన్ 28 తర్వాత చేసిన దరఖాస్తులకు ఆ ముద్ర పడితే అప్పీలు హక్కే ఉండదు. హైకోర్టు స్థాయిలో న్యాయ సమీక్ష కోరడం ఒక్కటే మిగులుతుంది, దానిని కూడా ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితిలోనూ మూడు నెలలు దాటకుండా వేయాలి. మా వాడి లేఖలో ఆ ధ్రువీకరణ లేదు. కేవలం ఈ ఒక్క విషయం తేల్చి చెప్పడం వల్ల మా చెల్లెలు ఆ రోజు ఇంటికి వెళ్లి అన్నం తినగలిగింది.

అంతకుముందు మా బావగారు ఒక కన్సల్టెన్సీని సంప్రదించారు. పిల్లలను చదువులకు పంపే కన్సల్టెన్సీలు మన నగరంలో నయీంనగర్ నుంచి సుబేదారి దాకా ఎన్నో ఉన్నాయి, అన్నింటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చదువుల కన్సల్టెన్సీలకు అది వర్తించదు. బ్రిటన్‌లో అర్హత లేనివారు వలస సలహా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరం, అయితే హనుమకొండలో కూర్చుని చెప్పేవారిపై అక్కడి చట్టం చేయి పడదు. మేము కలిసిన కన్సల్టెన్సీ యజమాని తిరస్కరణ లేఖ చూడకుండానే మాట్లాడాడు. అప్పీలు దండగ అన్నాడు, మళ్లీ కొత్తగా దరఖాస్తు పెట్టిస్తానన్నాడు, తన మనిషి ద్వారా ఒక ఎఫ్.ఐ.ఆర్. కాగితం తయారు చేయించి పంపితే పని సులువవుతుందన్నాడు. దానికి ఒక ధర కూడా చెప్పాడు.

ఈ మాట మేడమ్‌కు చెప్పినప్పుడు ఆమెకు కోపం వచ్చింది. "సారూ, అబద్ధం కాగితం ఒక్కటి పెడితే మీ నిజం కాగితాలన్నీ అబద్ధం అయితయి" అన్నారు. ఆ తర్వాత నిదానంగా వివరించారు. సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం మేరకు, సున్నితమైన కేసులు మినహా ప్రతి ఎఫ్.ఐ.ఆర్.ను పోలీసు వెబ్‌సైట్‌లో 24 గంటల్లో ఉంచాలి. కోర్టుకు వెళ్లిన ప్రతి కేసుకు దానిని గుర్తించే సి.ఎన్.ఆర్. నంబరు ఒకటి ఉంటుంది, కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో ఆ నంబరు కొట్టి లండన్‌లో ఉన్న అధికారి కూడా చూడగలడు. లేని ఎఫ్.ఐ.ఆర్.ను సృష్టిస్తే అక్కడ దరఖాస్తుదారుని మాట మీద నమ్మకం పూర్తిగా పోతుంది, మోసం చేశాడన్న కారణంతో పదేళ్లపాటు ఆ దేశం వీసా నిరాకరించవచ్చు. ఇక్కడ ప్రభుత్వ అధికారి ఇచ్చినట్టుగా పత్రాన్ని కల్పించడం భారతీయ న్యాయ సంహిత 337వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. ఆ శిక్ష ముందుగా పడేది కాగితం తెచ్చి పంపిన తండ్రికి. మా బావగారు ఆ కన్సల్టెన్సీకి మళ్లీ వెళ్లలేదు. నిజంగా ప్రాణభయం ఉన్న పిల్లవాని కేసును ఒక దొంగ కాగితంతో నాశనం చేయడానికి సిద్ధపడేవారు మన మధ్య ఆఫీసులు తెరిచి కూర్చున్నారంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

హోం ఆఫీస్ తిరస్కరణకు చూపిన కారణాలను ఈ కార్యాలయం ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పి, దేనికి ఇక్కడి నుంచి జవాబు దొరుకుతుందో, దేనికి దొరకదో విడదీసింది. వీసా ఉన్నంతకాలం అడగకుండా, గడువు ముగిశాక ఆశ్రయం అడిగాడన్నది మొదటి కారణం. ఇటువంటి ఆలస్యాన్ని దరఖాస్తుదారుని విశ్వసనీయతకు వ్యతిరేకంగా లెక్కిస్తారు, దీనికి హనుమకొండలో మందు లేదని ఆమె నేరుగా చెప్పారు. రెండవది, పోలీసు రక్షణ దొరుకుతుందన్న వాదన. కులాంతర వివాహం చేసుకున్నవారికి రక్షణ ఇవ్వాలని, ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని, సురక్షిత నివాసాల గురించి ఆలోచించాలని శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 27న ఆదేశించింది. మన పిల్లల రక్షణ కోసం వచ్చిన ఆ తీర్పునే, రక్షణ ఉందనడానికి సాక్ష్యంగా అక్కడి అధికారి వాడుకున్నాడు. మూడవది అన్నింటికంటే బలమైనది. భారతదేశం చాలా పెద్దది, ఒక ప్రాంతంలో ప్రమాదం ఉంటే మరొక రాష్ట్రంలో ఉండవచ్చు అన్నది. మన దేశం నుంచి వెళ్లినవారి దరఖాస్తులు ఎక్కువగా ఈ గట్టు దగ్గరే ఆగిపోతాయని ఆమె ముందే హెచ్చరించారు.

రెండవ కారణానికి జవాబు వెతకడంలో ఈ కార్యాలయం చూపిన శ్రద్ధ అసాధారణం. ఇంటి మీదికి మనుషులు వచ్చినప్పుడు మా బావగారు ఠాణాలో ఇచ్చిన ఫిర్యాదుకు రసీదు ఉంది గాని ఎఫ్.ఐ.ఆర్. నమోదు కాలేదు. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం గురించి సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాల్సిందేనని 2013లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఈ లోటే మా వాడి కేసులో అసలైన సాక్ష్యమని, దానిని దాచకుండా చూపాలని ఆమె అన్నారు. ఫిర్యాదు మీద ఏ చర్య తీసుకున్నారో, జిల్లాలో ప్రత్యేక విభాగం పనిచేస్తున్నదో లేదో తెలపాలని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయించారు. సాధారణంగా జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7వ సెక్షన్ చెబుతుంది. ఆ నిబంధనను దరఖాస్తు మొదటి వాక్యంలోనే ఉటంకించారు. జవాబు 48 గంటల్లో రాలేదు, అయినా అప్పీలు విచారణకు ముందే వచ్చింది. ఆ కాగితాన్ని, పంపిన తేదీ ముద్రతో సహా, ట్రిబ్యునల్ ముందు పెట్టగలిగారు. ఇంత చిన్న విషయం ఎంత పని చేస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కడి న్యాయవాది సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఆశ్రయ కేసులకు, ఆదాయం తక్కువ ఉండి కేసులో పస ఉంటే, ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం దొరుకుతుంది. ఈ కార్యాలయం మొదట అదే అడగమన్నది. మా వాడికి ఆ సహాయం దొరికింది. అందువల్ల అక్కడి వాదనకు మేము రూపాయి కూడా చెల్లించలేదు, ఇక్కడి పనికి మాత్రమే చెల్లించాము. రెండు దేశాల్లోనూ ఫీజులు కట్టించుకునే అవకాశం ఉన్నా ఆ మాట ముందే చెప్పడం వారి నిజాయితీకి నేను ఇచ్చే మొదటి మార్కు. మా చెల్లెలు, బావగారు వీడియో ద్వారా సాక్ష్యం చెప్పగలరా అని అడిగినప్పుడు, విదేశం నుంచి నోటి సాక్ష్యం ఇవ్వాలంటే ఆ దేశ ప్రభుత్వానికి అభ్యంతరం లేదని ముందుగా తేలాలని, కాబట్టి రాతపూర్వక వాంగ్మూలాలతోనే ముందుకు పోదామని ఇంగ్లండ్ న్యాయవాది సూచించారు. ఆ వాంగ్మూలాలు రాయించిన తీరు నాకు నచ్చింది. జూనియర్ న్యాయవాది మా చెల్లెలి మాటలను ఆమె చెప్పిన క్రమంలోనే రాసుకున్నారు, ఆమెకు తెలియని తేదీని ఊహించి వేయలేదు, ఎవరో చెప్పగా విన్న విషయాన్ని విన్న విషయంగానే ఉంచారు. చదివి వినిపించి, సరేనన్న తర్వాతే నోటరీ దగ్గరకు పంపారు.

అయినా అప్పీలు నిలవలేదు. న్యాయమూర్తి బెదిరింపులు నిజమేనని అంగీకరించారు, ఠాణా పట్టించుకోలేదన్నదీ నమ్మారు. కాని ఇద్దరూ ఉన్నత చదువులు చదివినవారని, ఆంగ్లం, హిందీ వచ్చినవారని, బెంగళూరులోనో పుణేలోనో ఉద్యోగం చేసుకుని బతకగలరని, అమ్మాయి బంధువులకు అంత దూరం వెతికే శక్తి ఉన్నట్టు ఆధారం లేదని తీర్పు చెప్పారు. మూడవ కారణం దగ్గరే కేసు ఆగిపోయింది. మా వాడి మాట అబద్ధం కాదని ఒక కోర్టు రాసి ఇచ్చింది. ఓడిన ఆ తీర్పులో మాకు మిగిలిన ఊరట అదొక్కటే, అది చిన్నదేమీ కాదు.

సేవ నాణ్యత అసలు తేలేది ఇక్కడేనని నా అభిప్రాయం. ఎగువ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే మొదటి తీర్పులో చట్టపరమైన పొరపాటు ఉండాలి, తీర్పు నచ్చలేదన్నది కారణం కాదు. అనుమతి కోసం 14 రోజులలో మొదటి ట్రిబ్యునల్‌నే అడగాలి, అది కాదంటే మళ్లీ 14 రోజులలో ఎగువ ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ఇంగ్లండ్ న్యాయవాది తీర్పులో అటువంటి పొరపాటు కనిపించడం లేదని రాశారు. మేడమ్ తీర్పును తాను కూడా పూర్తిగా చదివి, అదే మాట మాతో చెప్పారు. ఆ సమయంలో మా చెల్లెలు ఎంత డబ్బైనా ఇస్తానన్నది. మరొకరైతే తీసుకునేవారే. కొత్త ఆధారాలతో తాజా వినతులు సమర్పించే దారి అక్కడి వలస నియమాల 353వ పేరాలో ఉన్నది, కాని మునుపు పరిశీలించినదానికి గణనీయంగా భిన్నమైన విషయం చూపాలి, నెగ్గే వాస్తవమైన అవకాశం ఉండాలి. కొత్త ఆధారం లేకుండా పాత కాగితాలే మళ్లీ పెడితే ఆరు నెలలో ఏడాదో గడుస్తుంది, ఆ కాలమంతా మనిషి చీకట్లో ఉంటాడు అని మేడమ్ అన్నారు.

ఆ చీకటి ఎలా ఉంటుందో ఆమె దాచకుండా వివరించారు. అప్పీలు హక్కులన్నీ ముగిశాక, పిల్లలు లేని దంపతులకు ఆశ్రయార్థులకు ఇచ్చే భత్యం, వసతి 21 రోజుల తర్వాత ఆగిపోతాయి. పని చేయడం నేరం. ఇల్లు అద్దెకు ఇచ్చేవారు వలస పత్రాలు అడుగుతారు. నిర్ణీత తేదీలలో హాజరు వేయించుకోవడానికి వెళ్లినప్పుడే అదుపులోకి తీసుకుని, హీత్రూ విమానాశ్రయం పక్కన ఉన్న హార్మండ్స్‌వర్త్ వంటి నిర్బంధ కేంద్రానికి పంపవచ్చు. 2021 మేలో భారత్, బ్రిటన్ ప్రభుత్వాలు కుదుర్చుకున్న వలస ఒప్పందంలో ఇటువంటివారిని వెనక్కి తీసుకునే అంశం కూడా ఉన్నది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్ వెళ్లినవారి కుటుంబాలకు ఈ బతుకు కొత్త కాదు. అక్కడ వీసా లేకుండా మిగిలిపోయినవారు అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించే దాకా దాక్కుని, ఔట్‌పాస్ అనే తిరుగు ప్రయాణ పత్రం మీద ఇల్లు చేరిన కథలు ఉత్తర తెలంగాణలో ప్రతి మండలంలోనూ ఉన్నాయి. బ్రిటన్‌లో అటువంటి ఆమ్నెస్టీ కోసం ఎదురుచూడవద్దని ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పారు.

స్వచ్ఛందంగా తిరిగి రావడానికి ఆ దేశంలో ప్రభుత్వ పథకం ఉంది. టికెట్టు వారే కొంటారు, తిరస్కరణకు గురైన ఆశ్రయార్థులకు 3,000 పౌండ్ల వరకు సహాయం అందవచ్చు. ఈ డబ్బు విషయం కంటే తిరిగి ఆ దేశంలో అడుగుపెట్టగలిగే కాలం గురించి ఆమె ఇచ్చిన వివరణ మాకు ఎక్కువ ఉపయోగపడింది. వీసా గడువు దాటి ఉన్నవారు సొంత ఖర్చుతో వెళ్లిపోతే నిషేధం 12 నెలలు. ప్రభుత్వ ఖర్చుతో వెళ్తే, అప్పీలు ముగిసిన లేదా పంపివేత నోటీసు అందిన ఆరు నెలల్లోగా అయితే 2 సంవత్సరాలు, ఆ తర్వాత అయితే 5 సంవత్సరాలు. బలవంతంగా పంపివేస్తే 10 సంవత్సరాలు. మా వాడు సొంత ఖర్చుతో వచ్చేందుకు నిశ్చయించుకున్నాడు. ఎవరూ అతణ్ణి ఆ వైపు నెట్టలేదు, కార్యాలయం లెక్కలు ముందు పెట్టి ఊరుకున్నది. నిర్ణయం దంపతులిద్దరిదే కావాలని, తల్లిదండ్రులు ఫోనులో ఏడ్చి ఒప్పించకూడదని మేడమ్ మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పారు.

ఎదురుచూపులోనే అతని పాస్‌పోర్టు గడువు తీరిపోయింది. అటువంటప్పుడు భారత హైకమిషన్ ఒక్క ప్రయాణానికి మాత్రమే చెల్లే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. పౌరసత్వం నిర్ధారించుకోవడానికి విచారణ మన పోలీసుల దాకా వస్తుంది. ఇక్కడే మా అసలు భయం. కానిస్టేబుల్ ఊరికి వచ్చి పదిమందిలో అడిగితే, పిల్లలు వస్తున్న సంగతి అమ్మాయి బంధువులకు అదే రోజు తెలుస్తుంది. కార్యాలయం ముందుగానే వరంగల్ పోలీసు కమిషనర్‌కు వినతిపత్రం సిద్ధం చేసి, శక్తి వాహిని తీర్పు ప్రతిని, ట్రిబ్యునల్ తీర్పులో బెదిరింపులు నిజమని ఉన్న పేరాను జతచేసి, విచారణ గోప్యంగా జరపాలని, తిరిగి వచ్చాక రక్షణ కల్పించాలని కోరింది. లండన్ కాగితాన్ని హనుమకొండలో రక్షణకు ఆధారం చేయడం వారి ఆలోచనే. విచారణ మా ఇంట్లోనే, మఫ్టీలో వచ్చిన అధికారి ద్వారా, మర్యాదగా జరిగింది. ఆధార్, పదవ తరగతి మెమో, పాత పాస్‌పోర్టు నకలు ముందే తీసి పెట్టుకొమ్మని చెప్పి ఉండడంతో ఎక్కువసేపు పట్టలేదు. ఆశ్రయం కోరిన సంగతి పోలీసులకు తెలుస్తుందేమోనని మా బావగారు ఆందోళన పడ్డారు. ఆశ్రయ దరఖాస్తు వివరాలను బ్రిటన్ ప్రభుత్వం సొంత దేశానికి తెలపదని, ఇతర దేశంలో ఆశ్రయం కోరడాన్ని నేరమనే చట్టం మనకు లేదని మేడమ్ స్పష్టం చేశారు.

ఇక లోపాలు. బ్రిటన్‌కు మనకు వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు తేడా. అక్కడ ఆఫీసులు తెరిచి పని సాగేసరికి ఇక్కడ సాయంత్రం అవుతుంది. అటువంటి పని చేసే కార్యాలయం రాత్రి ఎనిమిది దాటితే ఫోను ఎత్తకపోవడం సరికాదు. ఇంగ్లండ్ న్యాయవాది ఒక అఫిడవిట్‌లో చిన్న సవరణ అడిగిన రోజు రాత్రంతా మేము కాళ్లు కాలిన పిల్లిలా తిరిగాము. అనువాదాలకు పేజీకి ఇంత అని ముందు చెప్పారు గాని, ధ్రువీకరణకు వేరే రుసుము ఉంటుందని బిల్లులోనే తెలిసింది. మొత్తం పెద్దది కాకపోయినా ముందు చెప్పవలసిన విషయం. అనువాదకుడు హైదరాబాద్‌లో ఉండడం వల్ల ప్రతి సవరణకూ కాలం పట్టింది.

అంతకంటే పెద్ద లోటు ఒకటి ఉంది. పిల్లల చదువుకు బ్యాంకులో తీసుకున్న అప్పు, దానికి పెట్టిన ఇల్లు, నెలనెలా కట్టవలసిన కిస్తీ గురించి ఈ కార్యాలయం ఒక్క మాట కూడా మాట్లాడదు. అది తమ పని కాదంటారు. చట్టం దృష్టిలో నిజమే కావచ్చు. కాని మన కుటుంబాలలో పిల్లవాడు తిరిగి రావాలా వద్దా అన్న నిర్ణయం సగం ఆ అప్పు మీదే ఆధారపడి ఉంటుంది. తాకట్టు పోతుందన్న భయంతోనే చాలామంది అక్కడ చీకట్లో పనిచేస్తూ ఉండిపోతారు. వాయిదాల పునర్వ్యవస్థీకరణ కోసం బ్యాంకుకు ఎలా రాయాలో ఒక పేజీ నమూనా ఇచ్చినా ఎంతో మేలు జరుగుతుంది. నేను ఈ మాట వారికి కూడా చెప్పాను. ఆలోచిస్తామన్నారు.

ఫీజు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ప్రతి చెల్లింపుకూ రసీదు ఇచ్చారు, గెలిపిస్తామన్న మాట మీద డబ్బు అడగలేదు, అప్పీలు ఓడిన తర్వాత చేసిన పనికి తక్కువే తీసుకున్నారు. ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను, తగ్గించిన ఆ ఒక్కటి ఫోనుకు, బ్యాంకు అప్పు పట్ల మౌనానికి. అంత కూడా చెల్లించలేనివారికి మరొక దారి ఉన్నది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. రక్షణ కోసం మా చెల్లెలి కోడలి పేరు మీద వేసిన దరఖాస్తుకు ఈ కార్యాలయమే ఆ సంస్థకు వెళ్లమన్నది, తమ ఫీజు వదులుకుని. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం కోర్టు ప్రాంగణంలోనే ఉంటుంది, 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

ఇప్పుడు దంపతులిద్దరూ మరొక రాష్ట్రంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. శంషాబాద్‌లో దిగినప్పుడు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ చూసిన అధికారులు కొంతసేపు ప్రశ్నలు అడిగి పంపేశారు. కొత్త పాస్‌పోర్టు దరఖాస్తును కార్యాలయమే సరిచూసింది. ముందుముందు ఏ దేశానికి వీసా అడిగినా, దరఖాస్తులో ప్రశ్న ఉంటే ఈ తిరస్కరణను దాచకుండా రాయాలని, దాచినట్టు తేలితే ఆ తప్పే అసలు తిరస్కరణ కంటే పెద్దదవుతుందని చెప్పి, తీర్పు ప్రతులు, సమాచార హక్కు జవాబు, కమిషనర్‌కు ఇచ్చిన వినతి రసీదు అన్నీ ఒక ఫైలులో వరుసగా కుట్టి మా బావగారి చేతికి ఇచ్చారు. ఈ కార్యాలయానికి గాని, ఇటువంటి మరొక చోటుకు గాని వెళ్లేవారు తిరస్కరణ లేఖ అన్ని పేజీలను, అది వచ్చిన కవరును లేదా ఈ-మెయిలును, పాస్‌పోర్టు నకలును, ఇక్కడ ఇచ్చిన ప్రతి ఫిర్యాదు రసీదును వెంట తీసుకుని, వారం చివరి దాకా ఆగకుండా మరుసటి ఉదయమే వెళ్లండి.